9 మందితో చేసేది రీసెర్చ్ కాదట, బొమ్మలు డేటా కావట. కమిటీకి ఏం చెప్పాలి?

రంగులరాట్నం
సైకాలజీలో పీహెచ్‌డీ, హైదరాబాద్. మొన్న డిపార్ట్‌మెంట్ కమిటీ ముందు సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) పెట్టాను. ఆటిజం ఉన్న పిల్లల తల్లులు 9 మంది. వారానికోసారి మట్టి, రంగులతో గ్రూప్ సెషన్. సెషన్ రికార్డింగులు, వాళ్ళు చేసిన వస్తువులు, ఒక్కొక్కరితో ఇంటర్వ్యూ, నా నోట్సు. ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో వాళ్ళు ఎలా చెప్పుకుంటారన్నది నా ప్రశ్న.

ఒక సార్ మొదటి పేజీ దగ్గరే ఆగి "9 మందితో ఏం తేలుతుందమ్మా" అన్నారు. ఇంకొకరు "బొమ్మలు డేటా ఎలా అవుతాయి? ముందో స్ట్రెస్ స్కేల్, తర్వాతో స్ట్రెస్ స్కేల్ పెట్టేయ్, పేపర్ అయిపోతుంది" అన్నారు. మా గైడ్ మంచావిడే, కానీ ఆవిడ చేసిందంతా సర్వేలే. "వాళ్ళను ఒప్పించే మాట నీ దగ్గర ఉండాలి" అని నెల టైమిచ్చారు.

స్కేల్, అంటే ఒత్తిడిని మార్కులతో కొలిచే ప్రశ్నావళి, పెట్టనని నేనేం అనడం లేదు. స్ట్రెస్ తగ్గిందా లేదా అన్నది నా ప్రశ్న కానే కాదు, అదొక్కటే వాళ్ళకు ఎక్కడం లేదు. ఇలాంటి రీసెర్చ్ చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు ఉంటే చెప్పండి. ఒప్పుకోనివాళ్ళు కూడా చెప్పండి, కమిటీ ముందు ఆ మాటలే మళ్ళీ వస్తాయి కదా.

వైవా_బాధితుడు
"పేపర్ అయిపోతుంది" అన్న సార్ అన్ని యూనివర్సిటీల్లోనూ ఉన్నారు. మా దగ్గర ఆయన పేరు వేరు, అంతే.

గణాంకం
స్టాటిస్టిక్స్ చెప్తాను, ఇలాంటి కమిటీల్లో కూర్చుంటాను. ఒప్పుకోనివాళ్ళు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. 9 అనే అంకెతో నాకు గొడవ లేదు. 9 మంది మాటలు విని "తల్లులు ఇలా అనుభవిస్తారు" అని రాసేస్తారే, అక్కడ గొడవ. 200 పేజీల ట్రాన్స్‌క్రిప్ట్‌లోంచి నచ్చిన నాలుగు వాక్యాలు ఏరి, పైన ఒక కవితాత్మకమైన హెడ్డింగ్ పెట్టి "థీమ్" అంటారు. ఆ నాలుగే ఎందుకు, మిగతావి ఎందుకు కావు? అడిగితే "ఇది క్వాలిటేటివ్ సార్" అంటారు, అంటే అంకెలు కాకుండా మాటలు, అనుభవాలు చూసే రకమని. అది జవాబు కాదు.

బొమ్మల సంగతైతే మరీనూ. వాక్యానికి కనీసం ఒక అర్థం ఉంటుంది. బొమ్మకు ఎవరి అర్థం వాళ్ళది.

డాక్టర్_ఉత్తరాంధ్ర
ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రిస్టుని. గణాంకం గారి చివరి మాటకు ఒక పాత సాక్ష్యం చేరుస్తాను. 1949లో కరెన్ మాకోవర్ మనిషి బొమ్మ గీయించి వ్యక్తిత్వం చెప్పే పద్ధతి పుస్తకంగా తెచ్చింది. కళ్ళు పెద్దవిగా గీస్తే అనుమానపు మనిషి, ఇలా గుర్తులు. 1967లో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ ఒక ప్రయోగం చేశారు. బొమ్మలకు, లక్షణాలకు ఏ సంబంధమూ లేకుండా జతలు కలిపి, ఆ విద్య తెలియని విద్యార్థులకు చూపించారు. ఆ విద్యార్థులకూ "పెద్ద కళ్ళు, అనుమానం" కలిసి వస్తున్నట్టే కనిపించింది. లేని సంబంధం కళ్ళముందు ఉన్నట్టు కనబడింది!

ఇప్పటికీ వర్క్‌షాపుల్లో "ఎర్ర రంగు ఎక్కువ వాడాడు, లోపల కోపం ఉంది" అని చెప్పేవాళ్ళను చూస్తున్నాను. ఒకసారి స్కూలు నుంచి ఒక పిల్లాణ్ణి నా దగ్గరకు పంపారు, నల్ల క్రేయాన్‌తోనే గీస్తున్నాడని. వాడి డబ్బాలో మిగిలింది నల్లదొక్కటే. అమ్మా రంగులరాట్నం, మీ థీసిస్ ఆ దారిన పోకపోతే మీకు నా ఓటు.

వైవా_బాధితుడు
డాక్టర్ గారూ, ఆ పిల్లాడికి ప్రిస్క్రిప్షన్‌లో క్రేయాన్ల డబ్బా రాశారా లేదా?

డాక్టర్_ఉత్తరాంధ్ర
రాశాను. నిజంగానే.

అడుగుల_సవ్వడి
బెంగళూరులో డాన్స్ మూవ్‌మెంట్ థెరపిస్టుని. పై ఇద్దరూ చెప్పినదాంట్లో న్యాయం ఉంది, కానీ ఇద్దరూ ఒకటే ఊహించుకున్నారు: బొమ్మ ముందు పెట్టుకుని రీసెర్చర్ ఒక్కతే కూర్చుని అర్థం చెప్తుందని. బొమ్మలు, సంగీతం, డాన్స్‌తో చేసే క్రియేటివ్ ఆర్ట్స్ థెరపీల్లో ఎవరూ అలా నేర్పరు. చేసిన మనిషి ఏమంటోంది, చేస్తున్నప్పుడు చేతులు ఏం చేశాయి, ఎక్కడ ఆగింది, ఏది చెరిపింది, ఎవరివైపు చూసింది, ఇదంతా కలిస్తేనే డేటా. చివర్లో మిగిలిన వస్తువు అందులో ఒక భాగం.

రంగులరాట్నం గారూ, మీ సినాప్సిస్‌లో కళ ఏ దశలో పని చేస్తోందో స్పష్టంగా రాశారా? తల్లులు మాట్లాడడానికి ఒక దారిగా మట్టి వాడితే అది క్వాలిటేటివ్ స్టడీ, అందులో కళ ఒక సాధనం. మీరే కూర్చుని ఆ సెషన్లకు స్పందనగా బొమ్మ వేసి, అలా వేయడం ద్వారానే విషయాన్ని తరచి చూస్తే అది ఆర్ట్స్ బేస్డ్ రీసెర్చ్. ఆర్ట్ థెరపిస్టు షాన్ మెక్‌నిఫ్ 1998లో పుస్తకం రాసి గట్టిగా వాదించింది ఈ రెండోదాని కోసమే. మన చేతిలో కళ అనే పరికరం ఉండగా, రీసెర్చ్ అనేసరికి ఎందుకు పక్కవాళ్ళ పద్ధతులు అరువు తెచ్చుకుంటాం అని ఆయన బాధ. రెండూ కలిపి ఒకే పేరు పెడితే కమిటీ గందరగోళపడుతుంది, వాళ్ళ తప్పు లేదు.

రంగులరాట్నం
"ఆర్ట్స్ బేస్డ్" అని టైటిల్‌లో పెట్టాను. మీరు చెప్పిన లెక్కన నాది ఎక్కువ భాగం మొదటిదే. కానీ ప్రతి సెషన్ అయ్యాక నేనూ మట్టితో ఏదో ఒకటి చేస్తున్నాను, నోట్సు రాసేముందు. అది రెండోదాని కిందకి వస్తుందా?

అడుగుల_సవ్వడి
వస్తుంది, దాన్ని రికార్డు చేసి, విశ్లేషణలో అది ఏం మార్చిందో చూపిస్తే. మనసు తేలిక కోసం చేసి పక్కన పెట్టేస్తే అది మీ సొంత ఆరోగ్యం. అదీ మంచిదే, కానీ మెథడాలజీ చాప్టర్‌లోకి రాదు.

లీడ్స్‌లో_లక్ష్మి
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇదే సబ్జెక్టులో ఉన్నాను. "స్కేల్ పెట్టేయ్" అన్న సార్‌కు చెప్పడానికి మాటిస్ అనే ట్రయల్ (చికిత్స పని చేస్తుందా అని గుంపులను పోల్చి చూసే పరీక్ష) కథ తెలిసి ఉండాలి.

2009లో ఇక్కడ చికిత్సలకు గైడ్‌లైన్లు ఇచ్చే నైస్ సంస్థ స్కిజోఫ్రీనియా గైడ్‌లైన్‌లో ఆర్ట్స్ థెరపీలను పరిశీలించమని చెప్పింది. అప్పటికి ఉన్నవి చిన్న చిన్న స్టడీలు. పెద్ద ట్రయల్ ఒకటి అప్పటికే నడుస్తోంది. 15 చోట్ల 417 మంది, మూడు గుంపులు: గ్రూప్ ఆర్ట్ థెరపీ, మామూలు యాక్టివిటీ గ్రూప్, ఎప్పటి చికిత్స మాత్రమే. ఫలితం 2012లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆర్ట్ థెరపీ ఇచ్చినా మనిషి రోజువారీ పనితీరులో గానీ, లక్షణాల్లో గానీ తేడా రాలేదు.

లోపలికి వెళ్ళి చూస్తే, ఆర్ట్ థెరపీకి కేటాయించినవాళ్ళలో సుమారు 40 శాతం మంది ఒక్క సెషన్‌కు కూడా రాలేదు. ఎందుకు రాలేదు? వచ్చినవాళ్ళు ఎందుకు వచ్చారు? ఆ గదిలో వాళ్ళకు ఏం దొరికింది? స్కేల్ దగ్గర దీనికి జవాబు లేదు. కూర్చుని మాట్లాడాలి.

గణాంకం
లక్ష్మి గారు మంచి ఉదాహరణ ఇచ్చారు. కానీ దాన్ని రెండోవైపు తిప్పకండి. "ఫలితం రాలేదు కాబట్టి కొలిచే పద్ధతే తప్పు" అనడం మొదలుపెడితే ఏ చికిత్సనూ ఎవరూ పరీక్షించలేరు. 417 మందితో చేసి, తేడా లేదని నిజాయితీగా ప్రచురించారు. దాన్ని గౌరవించాలి. మీ ఇంటర్వ్యూలు ఆ ఫలితాన్ని రద్దు చేయలేవు.

లీడ్స్‌లో_లక్ష్మి
నేను రద్దు చేయమనలేదు. ఆటిజం వైపే ఇంకొకటి: పిల్లలతో సంగీతం అల్లుకుంటూ చేసే మ్యూజిక్ థెరపీ మీద 9 దేశాల్లో 364 మంది పిల్లలతో ట్రయల్ జరిగింది, 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడా ప్రధాన స్కోరులో తేడా లేదు. అయినా చాలామంది తల్లిదండ్రులు ఆ సెషన్లను వదులుకోరు. ఎందుకో తెలుసుకోవడం వేరే ప్రశ్న, దానికి వేరే పద్ధతి. మీ ప్రశ్నకు మీ పద్ధతి, వాళ్ళ ప్రశ్నకు వాళ్ళ పద్ధతి అని రాస్తే చాలు, ఏదో ఒకటి గెలవక్కర్లేదు.

కుంచె_కాకినాడ
డ్రాయింగ్ మాస్టారిని, రీసెర్చ్ తెలీదు. ఒకటి అడుగుతా. మీరు తల్లులకు ఏం ఇచ్చారు? తెల్ల కాగితం, పెన్సిల్ ఇస్తే మన దగ్గర పెద్దవాళ్ళు "నాకు బొమ్మలు రావండీ" అని చేతులు ముడుచుకుంటారు. పెన్సిల్ చూడగానే స్కూలు, మార్కులు గుర్తొస్తాయి. అదే మనిషి పొద్దున్నే వాకిట్లో 15 చుక్కల ముగ్గు పుస్తకం చూడకుండా వేస్తుంది.

రంగులరాట్నం
మాస్టారూ, సరిగ్గా అదే జరిగింది. పైలట్ సెషన్‌లో, అంటే ముందుగా చేసి చూసినదాంట్లో, రంగు పెన్సిళ్ళు ఎవరూ ముట్టలేదు. మట్టి పెట్టాక కదిలారు. ఒకావిడ పొడి ముగ్గు తెచ్చుకోవచ్చా అని అడిగి తెచ్చుకుంది.

డాక్టర్_ఉత్తరాంధ్ర
ముగ్గు అలవాటైన నమూనా. చెయ్యి దానంతటదే పోతుంది. అందులో ఆమె సొంత అనుభవం ఎంత?

కుంచె_కాకినాడ
నమూనా తెలిసిన చెయ్యి ఎక్కడ నమూనా తప్పిందో చూడండి డాక్టర్ గారూ. తన చెల్లెలు చనిపోయిన ఏడు మా ఆవిడ వేసిన ముగ్గులు నాకు గుర్తే. చుక్కలు పెట్టేది, గీతలు కలిపేది కాదు. సంక్రాంతి వరకూ అలాగే.

బుజ్జిగాడి_అమ్మ
ముగ్గు అందరిదీ కాదండీ. మా బాబు సెంటర్‌లో తల్లుల గ్రూపులో ముస్లిం అక్కలు ముగ్గురు, చర్చికి వెళ్ళే ఆవిడ ఒకరు. ముగ్గు ఒకటే పెడితే వాళ్ళు పక్కన కూర్చుని చూస్తారు. ఒక అక్క మెహందీ కోన్‌తో ఎంత బాగా వేస్తుందో. నాలుగు రకాలు పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళను తీసుకోనివ్వండి.

మట్టి అందరికీ సరిపోతుంది అంటారా, మా ఇంట్లో మాత్రం మట్టి అంటే నాకు భయం. బాబు నోట్లో పెట్టుకుంటాడు.

రంగులరాట్నం
ఈ మాట నోట్సులో రాసుకున్నానండీ, థాంక్స్. మెహందీ నాకు తట్టనే లేదు.

డాక్టర్ గారు అన్న "అర్థం చెప్పడం" గురించి పైలట్‌లో జరిగింది ఒకటి చెప్తాను. ఒక తల్లి అరగంట సేపు మట్టితో చిన్న పలక లాంటిది చేసి, దాని మీద అడ్డంగా ఒక సన్నటి పుల్ల లాంటి ముక్క అతికించింది. తీసింది. ఇంకొంచెం పైన అతికించింది. మళ్ళీ తీసి ఇంకా పైన. వేలికి నీళ్ళు తడి చేసుకుని అంచు నున్నగా రుద్దింది. ఏంటండీ అది అంటే "ఏం లేదు మేడమ్" అంది. నాతో అబ్జర్వర్‌గా కూర్చున్న అమ్మాయి షీట్‌లో "మూసుకుపోయిన తలుపు, ఒంటరితనం, బయటి ప్రపంచానికి దూరం" అని రాసింది.

తర్వాత ఇంటర్వ్యూలో ఆ ఫోటో టేబుల్ మీద పెడితే ఆవిడ నవ్వింది. అది వాళ్ళ వీధి తలుపు. బాబు తలుపు తీసుకుని రోడ్డు మీదకు పరుగెత్తుతాడు. మొదట గడియ మామూలు ఎత్తులో ఉండేది, వాడికి అందింది. పైకి మార్పించారు. ఎత్తు పెరిగాడు, మళ్ళీ అందింది. ఇంకా పైకి. ఇప్పుడు ఆవిడకే అందదు, స్టూలు వేసుకుని తీస్తుంది. "ఇంకో రెండేళ్ళకు ఎక్కడ పెట్టించాలో తెలియట్లేదు మేడమ్, పైన గోడ అయిపోయింది" అంది. అక్కణ్ణుంచి దాదాపు గంట మాట్లాడింది: అత్తగారు ఎందుకు అలిగి వెళ్ళారు, అగ్గి అంటుకుంటే ఎలా బయటపడాలి, వాడు పెద్దవాడైతే ఎవరు పట్టుకోగలరు.

అదే తల్లికి ఆ సెంటర్‌లో అంతకుముందే స్ట్రెస్ ప్రశ్నావళి ఇచ్చారు. "మీరు తరచుగా ఆందోళన పడుతుంటారా" అంటే "కొన్నిసార్లు" దగ్గర టిక్ పెట్టింది.

వైవా_బాధితుడు
ఈ పోస్టు ఉన్నదున్నట్టు కమిటీకి చదివి వినిపించండి చాలు.

గణాంకం
చాలదు. బాగుంది, నన్ను కదిలించింది, ఒప్పుకుంటున్నాను. కానీ కదిలించడం సాక్ష్యం కాదు. మిగతా 8 మందిలో మట్టితో ఏమీ రానివాళ్ళు ఎందరు? వాళ్ళ గురించి కూడా ఇంతే శ్రద్ధగా రాస్తారా? గడియ కథ థీసిస్‌కు ముఖచిత్రం అవుతుంది, మిగతావాళ్ళు అనుబంధంలోకి పోతారు. అదే నా భయం.

అడుగుల_సవ్వడి
గణాంకం గారూ, ఈ భయానికి మందు పద్ధతిలోనే ఉంది. క్వాలిటేటివ్ పద్ధతుల మీద రాసిన లింకన్, గూబా 1985లోనే దీని గురించి వివరంగా రాశారు: ఏ నిర్ణయం ఎప్పుడు ఎందుకు తీసుకున్నావో దారి పొడవునా రాసిపెట్టు, నీ వాదనకు ఎదురొచ్చే కేసును వెతికి మరీ చూపించు, తేల్చినదాన్ని పాల్గొన్నవాళ్ళ దగ్గరకే తీసుకెళ్ళి అడుగు. రంగులరాట్నం గారు ఫోటో పట్టుకుని మళ్ళీ ఆవిడ దగ్గరకు వెళ్ళడం ఆ కోవలోదే. వెళ్ళకపోతే "ఒంటరితనం" అనే థీమ్ థీసిస్‌లో అచ్చయిపోయేది.

మట్టితో ఏమీ రాని తల్లి గురించి ఒక పూర్తి సెక్షన్ రాస్తానని సినాప్సిస్‌లోనే మాట ఇవ్వండి. కమిటీలో గణాంకం గారి లాంటివాళ్ళు ఉంటే అది చూసి మెత్తబడతారు.

గణాంకం
మెత్తబడతాం. రాతపూర్వకంగా ఉంటే ఇంకా.

లీడ్స్‌లో_లక్ష్మి
శాంపిల్ గురించి: 2016లో మాల్టెరూడ్ బృందం రాసిన పేపర్ చూడండి. ఇంటర్వ్యూ స్టడీల్లో ఎంతమంది కావాలన్నది ప్రశ్న ఎంత ఇరుకైంది, మనుషులు ఆ ప్రశ్నకు ఎంత దగ్గరివాళ్ళు, సంభాషణ ఎంత లోతుగా సాగింది, వీటిని బట్టి ఉంటుందని వాళ్ళ వాదన. మీకు 9 మంది, ఒక్కొక్కరితో చాలా సెషన్లు, పైన ఇంటర్వ్యూ. చిన్నదేం కాదు.

ఇంకొకటి. "ఇద్దరు కోడింగ్ చేసి (మాటలకు విడివిడిగా పేర్లు పెట్టి) ఒప్పందం శాతం చూపించండి" అని ఎవరో ఒకరు అడుగుతారు. మీరు థీమ్‌లు తీయడానికి బ్రాన్, క్లార్క్ పద్ధతి వాడుతుంటే వాళ్ళు 2006 పేపర్ తర్వాత రాసినవి కూడా చదవండి. వాళ్ళ పద్ధతిలో ఆ శాతం అక్కర్లేదని, రీసెర్చర్ చూపు విశ్లేషణలో భాగమేనని వాళ్ళే వివరించారు. 2006 ఒక్కటి ఉదహరించి వదిలేస్తే దొరికిపోతారు.

గణాంకం
ఇక్కడ నేను ఒప్పుకోను. రీసెర్చర్ చూపు భాగమైతే, ఆ చూపు ఎలాంటిదో చదివేవాడికి తెలియాలి. ఇంకొకరు అదే డేటా చూస్తే ఏం చూస్తారో కూడా తెలియాలి. గడియ విషయంలోనే అబ్జర్వర్ ఒకటి రాసింది, తల్లి ఇంకొకటి చెప్పింది. ఆ తేడా బయటపడింది ఇద్దరు చూశారు కాబట్టే.

లీడ్స్‌లో_లక్ష్మి
రెండో మనిషి ఉండడం మంచిదే, నేను కాదనను. ఆ ఇద్దరి మధ్య శాతం లెక్కేసి అదే నాణ్యతకు ముద్ర అనుకోవడం దగ్గరే నా పేచీ. మీరే చూడండి, అబ్జర్వరూ రీసెర్చరూ ఇద్దరూ "ఒంటరితనం" అనే రాసి ఉంటే ఒప్పందం నూటికి నూరు. తప్పూ నూటికి నూరే.

గణాంకం
...సరే. ఇది ఆలోచించాల్సిన మాట.

వైవా_బాధితుడు
స్క్రీన్‌షాట్ తీసుకున్నా. గణాంకం గారు "సరే" అన్నారు.

డాక్టర్_ఉత్తరాంధ్ర
కమిటీకి అంకెలు కూడా కావాలంటే రెండూ కలిసిన పని ఒకటుంది. అమెరికాలో వాల్టర్ రీడ్ సైనిక వైద్య కేంద్రంలో, తలకు గాయమై మానసిక ఆఘాతంతో వచ్చిన సైనికులు ఆర్ట్ థెరపీలో ముఖానికి పెట్టుకునే మాస్కులు చేస్తారు. అక్కడి థెరపిస్టు మెలిసా వాకర్, డ్రెక్సెల్ యూనివర్సిటీ గిరిజా కైమల్, వాళ్ళ బృందం 370 మంది మాస్కులను, చేసినవాళ్ళు వాటి గురించి చెప్పినదాంతో కలిపి విశ్లేషించారు. ముందు థీమ్‌లు తీశారు: గాయం, సైనిక గుర్తులు, రెండుగా చీలిన ముఖం, ఇలా. తర్వాత 2018లో ఆ థీమ్‌లను డిప్రెషన్, ఆందోళన స్కోర్లతో పోల్చారు. ముక్కలైపోయిన సైనిక చిహ్నాలు వేసినవాళ్ళలో ఆందోళన స్కోరు ఎక్కువగా కనిపించింది.

ఇది మాకోవర్ పద్ధతికి పూర్తిగా తలకిందులు, గమనించండి. ముందే గుర్తుల పట్టిక పెట్టుకుని చదవలేదు. చేసినవాళ్ళ మాటతో మొదలుపెట్టారు.

రంగులరాట్నం
ఇది బాగా ఉపయోగపడుతుంది డాక్టర్ గారూ. కైమల్ గారి కార్టిసాల్ స్టడీ ఒకటి మా గైడ్ చెప్పారు. 39 మంది, 45 నిమిషాలు బొమ్మలు వేశాక సుమారు 75 శాతం మందిలో స్ట్రెస్ హార్మోన్ తగ్గిందని.

గణాంకం
అందులో కంట్రోల్ గ్రూప్, అంటే పోల్చడానికి బొమ్మలు వేయని గుంపు, లేదు. 45 నిమిషాలు ఊరికే కూర్చున్నా కొంత తగ్గుతుంది, కార్టిసాల్ అనే ఆ హార్మోన్ రోజులో దానంతటదే తగ్గుతూ పోతుంది కూడా. దాని మీద ఎక్కువ బరువు వేయకండి. మాస్కులది చెప్పండి.

బుజ్జిగాడి_అమ్మ
ఇంతసేపూ బొమ్మ డేటానా కాదా అని మాట్లాడుకుంటున్నారు. ఆ బొమ్మ ఎవరిది అని ఎవరూ అడగలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక చోట ఇలాగే తల్లులతో బొమ్మలు వేయించారు. నేను మా పెరట్లో సన్నజాజి పందిరి వేశాను. సంతకం పెట్టమన్నారు, ఇంగ్లిష్ కాగితం, పెట్టాను. తర్వాత మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. ఏదో కాన్ఫరెన్స్‌లో పెద్ద పోస్టర్ మీద నా పందిరి. పైన "తల్లి వేదనకు ప్రతీక" అని ఉంది. మా పందిరి వేదన ఎందుకయ్యిందండీ? బాబు పడుకున్నాక నేను కూర్చునే చోటు అది, రోజులో నాది అని ఉండే కాస్త సమయం. నన్ను అడగలేదు. నా పేరూ లేదు. అసలు బొమ్మ తిరిగి ఇవ్వలేదు, అడిగితే "అది రీసెర్చ్ ఫైల్‌లో ఉంది" అన్నారు.

మీరు మంచి మనసుతో చేస్తున్నారని తెలుస్తోంది రంగులరాట్నం గారూ. అందుకే చెప్తున్నా.

అడుగుల_సవ్వడి
చదువుతుంటే చాలా బాధగా ఉందండీ. థెరపీ గదిలో చేసిన వస్తువు చేసినవాళ్ళదే అన్నది మా వృత్తిలో మొదటి పాఠం. రీసెర్చ్ అనగానే దాన్ని మరిచిపోతారు.

వైవా_బాధితుడు
ఇంగ్లిష్ కాగితం మీద సంతకం అసలు ఎలా చెల్లుతుంది? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం పాల్గొనేవాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పాలి కదా, ఎప్పుడైనా తప్పుకునే హక్కు కూడా ఉంది. ఇది జోక్ కాదు, నిజంగా కోపం వస్తోంది.

లీడ్స్‌లో_లక్ష్మి
పేరు విషయం ఎథిక్స్ కమిటీలకు ఇంకా సరిగా మింగుడు పడలేదు. వాళ్ళ అలవాటు అందరి పేర్లూ తీసేసి పీ1, పీ2 అని పెట్టడం. ఇంటర్వ్యూకు అది సరే. కానీ బొమ్మ వేసిన మనిషి పేరు తీసేస్తే అది కాపాడడమా, ఆమెది కాకుండా చేయడమా?

టెరెజీన్ గెట్టోలో నాజీలు బంధించిన యూదు పిల్లలకు ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి బొమ్మలు నేర్పింది. 1944లో ఆమెను ఆష్‌విట్జ్‌కు పంపి చంపేశారు. పంపేముందు దాచిన సూట్‌కేసుల్లో సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి, ఇప్పుడు ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. చాలావాటి మీద పిల్లల పేర్లు ఉన్నాయి. ఆ పేర్ల వల్లే ఏ బొమ్మ ఏ బిడ్డదో ఈరోజు తెలుస్తోంది. అమెరికాలో ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్ళలో ఒకరైన ఈడిత్ క్రామర్ ఆమె శిష్యురాలే. పేరు ఉంచాలా వద్దా అన్నది మన ఫీల్డ్‌కు మొదటి నుంచీ ఉన్న ప్రశ్న అని చెప్పడానికే ఇదంతా.

డాక్టర్_ఉత్తరాంధ్ర
కానీ మన ఊళ్ళలో పేరు బయటపడితే రేపు ఆ ఇంటి ఆడపిల్ల పెళ్ళి సంబంధం దాకా వెళ్తుంది. తల్లి ఈరోజు ధైర్యంగా "పేరు పెట్టండి" అంటుంది. పిల్లాడి సంగతి? వాడు పెద్దయ్యాక తన గురించి అలా అచ్చేసినందుకు ఏమంటాడు? తల్లి పేరు చెప్తే పిల్లాడి పేరు చెప్పినట్టే.

బుజ్జిగాడి_అమ్మ
నిజమే డాక్టర్ గారూ, అది నేనూ ఆలోచించాను. నాకైతే పేరు పూర్తిగా వేయకపోయినా ఫరవాలేదు. "వద్దు" అనే అవకాశం ఇవ్వాలి, అదీ బొమ్మ చూపించి, పైన ఏం రాస్తారో చెప్పి. మొదటి రోజే సంతకం పెట్టించుకుంటే, అప్పటికి నేను ఇంకా బొమ్మే వేయలేదు కదా, దేనికి ఒప్పుకున్నట్టు?

కుంచె_కాకినాడ
ఇది లక్ష రూపాయల మాట.

అడుగుల_సవ్వడి
రంగులరాట్నం గారూ, దీన్ని డిజైన్‌లో పెట్టండి. మొదట పాల్గొనడానికి ఒక కన్సెంట్ (ఒప్పుదల). అన్నీ అయ్యాక, ఒక్కో వస్తువు ముందు పెట్టి ఇంకో కన్సెంట్: ఫోటో వాడొచ్చా, ఎక్కడ వాడొచ్చు, కింద ఏం రాయాలి, పేరు ఉండాలా, మారుపేరు మీరే పెట్టుకుంటారా. అసలు వస్తువు ఆమె ఇంటికి. మీకు ఫోటోలు చాలు. మట్టి ఆరితే పగులుతుంది, కాబట్టి అదే రోజు నాలుగు వైపుల నుంచీ తీసి, పక్కన కొలత పెట్టుకోండి.

కుంచె_కాకినాడ
ఫలితాలు ఆ తల్లులకు ఎలా చెప్తారు? థీసిస్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, వాళ్ళు చదవరు. మా దగ్గర బుర్రకథ దళం ఉంది. ఆరోగ్యశాఖ ప్రచారాలకు కూడా చెప్పారు. వాళ్ళతో కట్టించి సెంటర్‌లో చెప్పిస్తే?

డాక్టర్_ఉత్తరాంధ్ర
గడియ కథ బుర్రకథలో వస్తే ఆ సెంటర్‌లో అందరికీ అది ఎవరిదో తెలిసిపోతుంది. 9 మందే కదా.

అడుగుల_సవ్వడి
రీసెర్చ్‌ను నాటకంగా కట్టే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, మాస్టారు చెప్పింది కొత్త ఆలోచన ఏం కాదు. కానీ డాక్టర్ గారి మాట నిజం. తల్లులే కూర్చుని ఏది చెప్పాలో ఏది వద్దో తేల్చుకుంటే తప్ప మొదలుపెట్టకూడదు. పీహెచ్‌డీ అయ్యాక చేసే పనిగా ఉంచండి.

బుజ్జిగాడి_అమ్మ
తల్లులకు చెప్పేది తెలుగులో రెండు పేజీలు రాసి చదివి వినిపించినా చాలండీ. మా దగ్గర ఎవరూ అంత కూడా చేయలేదు.

రంగులరాట్నం
అందరి పోస్టులూ ప్రింట్ తీసుకుని గైడ్ ముందు పెట్టాను. ఆవిడ గణాంకం గారివన్నీ హైలైట్ చేశారు.

సినాప్సిస్ ఇలా మారింది. టైటిల్‌లో "ఆర్ట్స్ బేస్డ్" తీసేసి "కళా ప్రక్రియలతో క్వాలిటేటివ్ అధ్యయనం" అని పెట్టాను. సెషన్ తర్వాత నేను చేసే మట్టి పనిని వేరే సెక్షన్‌లో, దాని వల్ల విశ్లేషణలో ఏం మారిందో చూపించేలా పెట్టాను. చికిత్స పని చేసిందని ఎక్కడా తేల్చనని మొదటి పేజీలోనే రాశాను. సెంటర్ వాళ్ళు ముందే ఇచ్చిన స్ట్రెస్ స్కోర్లు తల్లుల ఒప్పుదలతో తీసుకుని, ఒక్కొక్కరి స్కోరు పక్కన ఆమె మాటలు పెట్టి చూస్తాను. స్కోరు ఒకటి చెప్పి మనిషి ఇంకొకటి చెప్తే అదే నాకు కావలసింది. ఏ వస్తువూ చేయని తల్లుల గురించి ఒక సెక్షన్. రెండు దశల కన్సెంట్, రెండూ తెలుగులో, కావలసినవాళ్ళకు ఉర్దూలో. వస్తువులన్నీ తల్లులకే తిరిగి. చివర్లో వాళ్ళకు రెండు పేజీల తెలుగు సారాంశం.

గణాంకం
స్కోరు, మాట పక్కపక్కన పెట్టడం మంచి నిర్ణయం. 9 స్కోర్ల మీద సగటు, సగటుల తేడా తేల్చే టీ టెస్టు మాత్రం చేయకండి, ఎవరడిగినా సరే. అడిగితే నా పేరు చెప్పండి.

వైవా_బాధితుడు
మీ పేరు "గణాంకం" అని చెప్పమంటారా సార్?

రంగులరాట్నం
కమిటీ అయింది. ఒప్పుకున్నారు! "9 మంది" సార్ మళ్ళీ అడిగారు, ప్రశ్న ఎంత ఇరుకైందో, ఒక్కొక్కరితో ఎంతసేపు గడుపుతానో చూపించాను. మాస్కుల స్టడీ గురించి ఇంకో మేడమ్ చాలాసేపు అడిగారు, పేపర్ పంపమన్నారు. ఒక షరతు పెట్టారు: రెండో మనిషి కొన్ని ట్రాన్స్‌క్రిప్టులు విడిగా చదవాలి, తేడాలు వస్తే థీసిస్‌లో చూపించాలి. శాతం అడగలేదు. లక్ష్మి గారూ, గణాంకం గారూ, ఇద్దరూ గెలిచారు.

ఎథిక్స్ కమిటీ వచ్చే నెల.

వైవా_బాధితుడు
శుభాకాంక్షలు. ఆ రెండు దశల కన్సెంట్ ఫారం తెలుగుది ఇక్కడ పెడతారా? మా సెంటర్‌లో ఇంకా ఇంగ్లిష్‌దే నడుస్తోంది. జోకులు మానేసి ముందు దాన్ని మార్పిస్తాను.

రంగులరాట్నం
పెడతాను. బుజ్జిగాడి అమ్మ గారూ, డ్రాఫ్ట్ మీకు ముందు మెసేజ్‌లో పంపుతాను, చదివి ఎక్కడ అర్థం కాలేదో చెప్తారా? మీకు వీలైతేనే.

బుజ్జిగాడి_అమ్మ
పంపండి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత చూస్తాను.